స్విఫ్ట్‌కి టర్బో కిట్టా, కంపెనీ టర్బో బండా: ఏది మేలు?

విజయనగరం, శ్రీకాకుళం వైపు కుర్రాళ్ళు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు: "అన్నా, నా పెట్రోల్ స్విఫ్ట్‌కి టర్బో కిట్ పెట్టించనా, లేక దీన్ని అమ్మేసి కంపెనీ నుంచే టర్బోతో వచ్చే బండి కొననా?" పాత డీజిల్ కొని రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం) చేయిస్తే సరిపోదా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. టర్బో అంటే సైలెన్సర్‌కి పోయే పొగ తోపుతో తిరిగి, ఇంజిన్‌లోకి అదనంగా గాలి తోసే పంపు. అంతకంటే వివరాల్లోకి పోను, నేరుగా లెక్కలోకి పోదాం.

ముందు ఎక్కడ కావాలో తేలాలి. ఎన్‌హెచ్-16 మీద ఎవరికీ కష్టం లేదు, నాతవలస నుంచి టెక్కలి దాకా ఏ బండైనా హాయిగా వందలో పోతుంది. చిక్కంతా విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు పోయే రోడ్డులో, ఆపైన సుంకి ఘాట్‌లో. ఐదుగురు ఎక్కి, ఏసీ వేసుకుని, లోడు లారీ వెనక రెండో గేర్లో పాకుతున్నప్పుడు పికప్ విలువ తెలుస్తుంది. 2021కి ముందు వచ్చిన 1.2 స్విఫ్ట్‌లో కె12ఎం ఇంజిన్ 83 పీఎస్ పవర్ ఇస్తుంది, కాగితం మీద బాగానే ఉంది. కానీ దాని 113 ఎన్‌ఎం టార్క్ (చక్రాల్ని తిప్పే బలం) పూర్తిగా అందాలంటే 4,000 ఆర్‌పీఎం దాటించి అరిపించాలి. అదే మారుతీ ఫ్రాంక్స్‌లోని 1.0 బూస్టర్‌జెట్ టర్బో ఇంజిన్ 147.6 ఎన్‌ఎం టార్క్‌ని 2,000 దగ్గరే ఇచ్చేస్తుంది. నెక్సాన్ 1.2 టర్బో పెట్రోల్ అయితే 170. కాబట్టి టర్బో కోరుకోవడంలో తప్పేం లేదు.

ఇక కిట్. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే యూనివర్సల్ కిట్ డబ్బా విప్పితే టర్బో, మానిఫోల్డ్, ఇంటర్‌కూలర్ (టర్బో తోసే వేడి గాలిని చల్లార్చేది), అల్యూమినియం పైపులు, సిలికాన్ గొట్టాలు, గుప్పెడు క్లిప్పులు తళతళలాడుతూ కనిపిస్తాయి. ఎక్కువ పెట్రోల్ పోసే పెద్ద ఇంజెక్టర్లుండవు, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ఉండదు. టర్బో బేరింగుకి ఇంజిన్ ఆయిల్ ఇవ్వాలి. అక్కడినుంచి వచ్చే ఆయిల్ దానంతటదే కిందికి జారి సంప్‌లో (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) పడాలి. అందుకని సంప్ దింపి, బెజ్జం వేసి, గొట్టం వెల్డింగ్ చేయించాలి. ఆ గొట్టం మధ్యలో ఎక్కడ పైకి లేచినా, నలిగినా ఆయిల్ టర్బోలోనే నిలిచిపోయి, సీల్ దాటి, సైలెన్సర్‌లోంచి నీలం పొగై వస్తుంది. ఇదంతా మన దగ్గర చేయి తిరిగిన మెకానిక్, మంచి వెల్డర్ కలిస్తే చేసేయగలరు. నా టెన్షన్ అది కాదు.

టెన్షనల్లా ట్యూనింగ్ దగ్గరే. స్విఫ్ట్ ఇంజిన్ కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందనే లెక్క, 11కి 1. కంపెనీవాళ్ళు టర్బో పెట్టేటప్పుడు దాన్ని సాధారణంగా 10 చుట్టుపక్కలకి దించుతారు. ఉన్న 11 మీద అర బార్ బూస్ట్ (టర్బో తోసే అదనపు గాలి ఒత్తిడి) ఇస్తే దాదాపు సగం గాలి అదనంగా లోపలికి తోసినట్టే. దానికి తగ్గట్టు పెట్రోల్ పెరగాలి, స్పార్క్ వెనక్కి జరగాలి. లెక్క తప్పితే సిలిండర్‌లో మిశ్రమం దానంతటదే అంటుకుంటుంది. అదే నాకింగ్. కొన్ని నిమిషాలు గట్టిగా పడితే చాలు, పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే గట్టు విరిగిపోతుంది.

ఇప్పుడు సుంకి ఘాట్‌కి రండి. మే నెల మధ్యాహ్నం, బండి వేగం ముప్పై, ఇంటర్‌కూలర్‌కి గాలి తగలదు, యాక్సిలరేటర్ మాత్రం అడుగంటా ఉంటుంది. మనం ఏ రోడ్డు కోసం కిట్ అడుగుతున్నామో ఆ రోడ్డే దానికి గండం. బెంగళూరులోనో కోయంబత్తూరులోనో డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద చల్లటి పూట వేసిన మ్యాప్, అంటే పెట్రోల్, స్పార్క్ లెక్కల ఫైల్, ఇక్కడికొచ్చాక మళ్ళీ సరిచేయాల్సిందే, అదీ ఒక్కసారితో అయ్యే పని కాదు. శ్రీకాకుళం నుంచి బెంగళూరు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. బండి నడుస్తుండగా ల్యాప్‌టాప్‌లో ఇంజిన్ లెక్కల రికార్డు (లాగ్) తీసి పంపితే అక్కడినుంచే సరిచేస్తామంటారు. అవుతుంది. కానీ ఆ లాగ్ కోసమే ఘాట్ ఎక్కాలి కదా! కొత్త ఫైల్ వచ్చేలోపు పిస్టన్ ఉంటుందో లేదో. మామూలువాటికంటే గట్టిగా ఉండే ఫోర్జ్‌డ్ పిస్టన్లు, రాడ్లు వేయిస్తే భయం తగ్గుతుంది. అప్పుడు మొత్తం ఇంజిన్ విప్పాలి, కిట్ ధర కంటే మిగతా ఖర్చే ఎక్కువవుతుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. అనుమతి లేని మార్పులకు మోటారు వాహనాల చట్టం 182ఎ(4) కింద బండి యజమానికి ఆరు నెలల దాకా జైలు, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పోలీసులు బానెట్ ఎత్తకపోవచ్చు. యాక్సిడెంటయ్యాక ఇన్సూరెన్స్ సర్వేయర్ మాత్రం తప్పకుండా ఎత్తుతాడు.

కంపెనీ టర్బోలో ఈ తలనొప్పులన్నీ ముందే తీరిపోయి వస్తాయి. ఎండలో, చలిలో, కొండ మీద పరీక్షించిన మ్యాప్, దానికి సరిపడా పిస్టన్లు, వారంటీ. లోపాలూ లేకపోలేదు: తొక్కితే మైలేజీ పడిపోతుంది, ఆయిల్ మార్చడంలో బద్ధకిస్తే టర్బో ఊరుకోదు. సెకండ్ హ్యాండ్‌లో మారుతీ టర్బో బండి బాలెనో ఆర్ఎస్ దొరికితే చూడండి, 2017 నుంచి మూడేళ్ళే అమ్మారు కాబట్టి తక్కువే ఉన్నాయి. నన్నడిగితే స్విఫ్ట్ అమ్మిన డబ్బుకి కిట్ డబ్బు కలిపి ఇటే వస్తాను.

డీజిల్ అయితే పాత స్విఫ్ట్ 1.3లో పుట్టుకతోనే టర్బో ఉంది, 190 ఎన్‌ఎం. ఘాట్‌కి రీమ్యాప్ లేకుండానే చాలు. కాకపోతే 2020లో మారుతీ డీజిల్ ఆపేసింది, దొరికేవన్నీ బాగా తిరిగిన బండ్లే. రీమ్యాప్ చేస్తే క్లచ్ జారే ప్రమాదముంది. గాలి ఎక్కువ పీలుస్తాయనే కోన్ ఫిల్టర్ల గురించి అడగకండి, స్విఫ్ట్‌లో వాటితో చప్పుడు తప్ప పెద్దగా ఏమీ రాదు.

ఇంట్లో ఇంకో బండి ఉండి, చేతికి గ్రీజు అంటడమే సరదా అయినవాళ్ళ లెక్క వేరు. వాళ్ళు కిట్ పెట్టుకోవచ్చు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ గొడవ తెలిసే దిగాలి మరి. బూస్ట్ 0.4 బార్ దాటనివ్వకండి. టర్బో కంటే ముందు వైడ్‌బ్యాండ్ మీటర్ కొనండి, గాలితో పోలిస్తే పెట్రోల్ తగ్గిపోతున్న సంగతి చెప్పేది అదే.