కొండ అడ్డొస్తే మెక్‌ని ఎలా దాటించాలి: నడక, పరుగు, జంప్ జెట్లలో ఏది మేలు?

బ్యాటిల్‌టెక్ ఆట కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎప్పుడూ ఆయుధాల గురించే అడుగుతారు. ఏ లేజర్ పెట్టాలి, ఎన్ని మిస్సైళ్లు మొయ్యాలి, ఏ మెక్ (లోపల పైలట్ కూర్చుని నడిపే, కాళ్లున్న భారీ యుద్ధ యంత్రం) మీద డబ్బు ఖర్చుపెట్టాలి అని. కాళ్ల గురించి అడిగేవాళ్లు తక్కువ. 2018లో వచ్చిన, హేర్‌బ్రెయిన్డ్ స్కీమ్స్ తయారుచేసిన ఈ కంప్యూటర్ ఆటలో మ్యాపులు చాలావరకు మిట్టపల్లాలే. నాలుగు మెక్‌ల లాన్స్‌తో దిగగానే, శత్రువు కంటే ముందే కొండ ఎదురవుతుంది. దాన్ని ఎలా దాటాం అన్నదే తర్వాతి నాలుగైదు రౌండ్ల పోరుని నడిపిస్తుంది.

దారులు మూడు. నడవొచ్చు, పరిగెత్తొచ్చు (ఆటలో స్ప్రింట్ అంటారు), జంప్ జెట్లు ఉంటే ఎగిరి అవతల దిగొచ్చు. నా మాట ముందే చెప్పేస్తాను. 55 టన్నుల వరకు ఉన్న మెక్‌కి జంప్ జెట్లు పీకేయడం చాలా పెద్ద పొరపాటు. 90 టన్నులు, ఆ పైన ఉన్నవాటికి మాత్రం చాలాసార్లు కాళ్లనే నమ్ముకోవడం మేలు. మధ్యలో ఉన్నవాటి దగ్గరే అసలు తర్జనభర్జన.

ఈ లెక్క ఎక్కడిదో తెలియాలంటే ఆట మూలానికి వెళ్లాలి. బ్యాటిల్‌టెక్ 1984లో బోర్డ్ గేమ్‌గా పుట్టింది. అప్పుడు దాన్ని తెచ్చిన ఎఫ్ఏఎస్ఏ సంస్థ సహవ్యవస్థాపకుడు జోర్డన్ వైజ్‌మన్, తర్వాత మిచ్ గిటెల్‌మన్‌తో కలిసి హేర్‌బ్రెయిన్డ్ స్కీమ్స్ స్టూడియోని కూడా పెట్టారు. బోర్డు మీద చదునైన గడి దాటడానికి ఒక కదలిక పాయింట్ ఖర్చు. ఎత్తు ఒక మెట్టు మారితే ఇంకొకటి, రెండు మెట్లు మారితే ఇంకో రెండు. అంతకన్నా నిటారుగా ఉంటే నడిచి ఎక్కడం కుదరదు. దిగేటప్పుడూ ఇదే ఖర్చు. మెక్ మొహాన్ని పక్క గడి వైపు తిప్పినా ఒక పాయింట్ పోతుంది. జంప్‌కి ఈ బాధలేవీ లేవు. గడికి ఒక్క పాయింట్ చొప్పున ఇచ్చుకుంటూ పోతే, దిగాక ఎటు కావాలంటే అటు తిరిగి నిలబడొచ్చు.

65 టన్నుల క్యాటపల్ట్‌నే తీసుకుందాం. ఒక టర్న్‌లో దాని నడకకి 4 పాయింట్లు, పరుగుకి 6, జంప్‌కి 4. ఎదురుగా రెండు మెట్ల ఎత్తున్న గట్టు ఉంది, వెడల్పు ఒక్క గడి. నడిస్తే ఎక్కడానికే 3 పాయింట్లు పోతాయి. మిగిలిన ఒక్కదానితో దిగలేదు కాబట్టి గట్టు నెత్తిన అందరికీ కనిపిస్తూ నిలబడిపోతుంది. పరిగెడితే ఎక్కడానికి 3, దిగడానికి 3. సరిగ్గా అవతలి అంచున ఆగిపోతుంది, పక్కకు తిరగడానికి ఒక్క పాయింటూ మిగలదు. జంప్ చేస్తే ఆ పరుగు ఆగిన చోటు కన్నా రెండు గడులు ముందుకెళ్లి, మనకు నచ్చిన వైపు మొహం పెట్టి దిగుతుంది. నాలుగు పాయింట్లతోనే ఇదంతా. ఈ ఒక్క ఉదాహరణ చూశాక జంప్ జెట్ల మీద ఆటగాళ్లకున్న మోజు అర్థమవుతుంది.

కంప్యూటర్ ఆటలో గడులు, మెట్లు కనిపించవు. వాలు ఉంటుంది, ఆ వాలు మీద మనం చేరగల చోట్లు చుక్కలుగా కనిపిస్తాయి. వాలు పెరిగేకొద్దీ చుక్కలు పలచబడతాయి, బాగా నిటారుగా ఉన్న చరియ మీద అసలు ఉండవు. జంప్ బటన్ నొక్కగానే అదే చరియ పైన, దాని వెనక కూడా చుక్కలు ప్రత్యక్షమవుతాయి. మౌస్‌ని ఒక్కో చుక్క మీదికి తీసుకెళ్తుంటే అక్కడి నుంచి ఏ శత్రువు కనబడతాడో గీతలు చెబుతాయి. కొండల మ్యాపులో తొందరపడకుండా ఆ గీతలు చదవడమే సగం విద్య. ఒక్క చుక్క వెనక్కి జరిగితే మూడు గీతలు ఒకటయ్యే సందర్భాలు చాలా ఉంటాయి. ముగ్గురి తుపాకులకు బదులు ఒక్కడి తుపాకీకే కనిపిస్తామన్నమాట.

నడకని తక్కువగా చూడక్కర్లేదు. నడిచాక కాల్చొచ్చు, జెట్ల వేడి ఉండదు. ఎత్తు మీద నుంచి కాలిస్తే గురి మెరుగవుతుంది కూడా. లాంగ్ రేంజ్ మిస్సైళ్లు మోసే మెక్ అయితే అసలు కొండ దాటాల్సిన పనే లేదు. ముందున్న మన మెక్ ఒకటి శత్రువుని చూస్తూ ఉంటే చాలు, ఇది కొండ వెనకే ఉండి పైనుంచి మిస్సైళ్లు కురిపిస్తుంది. మరి మిస్సైళ్ల క్యాటపల్ట్ సీ1కి నాలుగు జంప్ జెట్లు ఎందుకిచ్చారు? 180 మీటర్ల లోపు ఆ మిస్సైళ్ల గురి బాగా దెబ్బతింటుంది కాబట్టి. శత్రువు అంత దగ్గరికి వచ్చేస్తే కొండ మీదుగా ఎగిరి దూరం జరగడానికి ఆ జెట్లు కావాలి. అదే క్యాటపల్ట్ కే2 రకంలో జెట్లు తీసేసి, మిస్సైళ్ల చోట పీపీసీలు (కణాల పుంజాన్ని కాల్చే పెద్ద తుపాకులు) పెట్టి, వాటి వేడికి తగ్గట్టు హీట్ సింకులు (వేడిని బయటికి పంపే పరికరాలు) పెంచారు. అది నిలబడి కాల్చే మెక్. ఒకే ఒళ్లు, రెండు రకాల బతుకు. నా వరకు గుట్టలున్న మ్యాపులో సీ1, మైదానంలో కే2.

పరుగు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. స్ప్రింట్ చేశాక ఆ టర్న్‌లో కాల్చలేం. శత్రువు కనబడకముందు దూరం తగ్గించుకోవడానికి బాగుంటుంది. కనబడ్డాక పరుగుతో శిఖరం దాటడం మాత్రం ప్రమాదం. కదిలిన దూరాన్ని బట్టి ఎవేషన్ (శత్రువు గురిని తప్పించే పాయింట్లు) వస్తుంది, నిజమే, కానీ మన మీద జరిగే ప్రతి దాడీ దాన్ని ఒక్కొక్కటిగా తగ్గిస్తుంది. కొండ అవతల నలుగురుంటే నాలుగోవాడి టైమ్‌కి మిగిలేది చాలా తక్కువ.

జంప్ అసలు విలువ తెలిసేది రిజర్వ్‌తో కలిపి వాడినప్పుడు. ఈ ఆటలో తేలిక మెక్‌లు ముందు కదులుతాయి, బరువైనవి చివర. కానీ మన వంతు వచ్చినా కదలకుండా రిజర్వ్ నొక్కి ఆగొచ్చు. మన మీడియం (మధ్యరకం బరువున్న) మెక్‌ని గుట్ట వెనకే ఆపి, శత్రువు మెక్‌లన్నీ తమ వంతు ఆడేసుకునే దాకా ఓపిక పట్టండి. రౌండ్‌లోని ఆఖరి ఫేజ్‌లో, అంటే చివరి వంతులో, ఎగిరి గుట్ట దాటి, వాళ్ల వెన్ను కనిపించే చోట దిగి కాల్చండి. వెనక ఆర్మర్ ఎప్పుడూ పలచనే. కొత్త రౌండ్ మొదలవగానే బరువైన మెక్‌ల కన్నా ముందు మళ్లీ మన మీడియమే కదులుతుంది. ఇంకో జంప్‌తో గుట్ట వెనక్కి వచ్చేయొచ్చు. వాళ్లకి కాల్చడానికి ఎవరూ మిగలరు. నడకతో ఇది దాదాపు అసాధ్యం, ఎందుకంటే వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఆ వాలు మన కదలికని తినేస్తుంది.

ఆట మొదట్లో చేతికొచ్చే బ్లాక్‌జాక్, విండికేటర్, షాడో హాక్, స్పైడర్‌లు నాలుగింటికీ జంప్ జెట్లు ఉండటం కొత్తవాళ్లకి పెద్ద వరం. చాలామంది టన్నుల కోసం వాటిని పీకేసి ఒక లేజర్ ఎక్కువ పెట్టుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. 55 టన్నుల వరకు ఒక్కో జెట్ బరువు అర టన్నే. 45 టన్నుల బ్లాక్‌జాక్‌కి నాలుగు జెట్లూ కలిపి 2 టన్నులు. ఆ కాస్త బరువుకి మ్యాపంతా మన చేతిలోకి వస్తుంది.

60 నుంచి 85 టన్నుల మధ్య జెట్ బరువు ఒక టన్నవుతుంది. 90 నుంచి 100 దాకా రెండు టన్నులు. 90 టన్నుల హైలాండర్ మూడు జెట్లతో వస్తుంది, అంటే 6 టన్నులు. ఆ 6 టన్నులతో ఆరు మీడియం లేజర్లు పెట్టొచ్చు. ఆర్మర్‌కి చోటుంటే టన్నుకి 80 చొప్పున 480 పాయింట్లు. అయినా హైలాండర్ ఒక్కదానికి నేను జెట్లు ఉంచేస్తాను, అంత బరువు ఎగిరి వస్తుందని ఎదుటివాడు లెక్కలో వేసుకోవాల్సి రావడమే ఒక బలం. అలాగని చిన్న మెక్ నెత్తిన దూకించే 'డెత్ ఫ్రమ్ అబవ్' దాడికి మాటిమాటికీ వెళ్లకండి, మన కాళ్లు కూడా దెబ్బతింటాయి, రెండు కాళ్లూ పోతే ఆ మెక్ పనైపోయినట్టే. మిగతా అసాల్ట్ (అన్నిటికన్నా బరువైన తరగతి) మెక్‌లకి కొండ పక్కనున్న కనుమ వెతకడం మంచిది. రెండు రౌండ్లు ఆలస్యమైనా ఆ టన్నులు ఆర్మర్‌లో ఉంటాయి.

వేడి సంగతి కూడా చూసుకోవాలి. గాలి లేని చంద్రుడి లాంటి మ్యాపుల్లో హీట్ సింకులు సరిగా పనిచేయవు. అక్కడ ప్రతి టర్న్‌లో జంప్ చేసి అన్ని ఆయుధాలూ కాలిస్తే మెక్ వేడెక్కి కూర్చుంటుంది. మంచు మ్యాపుల్లో దీనికి పూర్తిగా రివర్స్, అక్కడ హాయిగా ఎగరొచ్చు.

కాక్‌పిట్‌లో కూర్చుని రియల్ టైమ్‌లో ఆడే మెక్‌వారియర్ ఆన్‌లైన్‌లో అయితే ఇంకో చిక్కుంది. పిరాన్హా గేమ్స్ 2013లో తెచ్చిన ఆ ఆటలో ఏటవాలు ఎక్కుతుంటే మెక్ వేగం పడిపోతుంది, పెద్ద మెక్‌కి మరీను. దానికి తోడు ఆయుధం ఒంటి మీద ఎంత ఎత్తులో ఉందన్నది అక్కడ ముఖ్యం. జాగర్‌మెక్ చేతులు భుజాల ఎత్తులో ఉంటాయి కాబట్టి గట్టు పైనుంచి తుపాకులు మాత్రమే బయటపెట్టి కాల్చగలదు. అట్లాస్ పెద్ద తుపాకీ నడుం దగ్గర ఉంటుంది. కాక్‌పిట్ నుంచి శత్రువు చక్కగా కనిపిస్తాడు, నొక్కితే గుండు వెళ్లి మన ముందున్న మట్టికే తగులుతుంది. గట్టు వెనక నుంచి కాల్చే ఆట అట్లాస్‌ది కాదు, దాన్ని లోయలోంచి నడిపించి మూల మలుపు దగ్గరికి తీసుకెళ్లాలి.

మళ్లీ 2018 ఆటకి వస్తే, నాలుగు మెక్‌లనీ కలిపి చూసుకున్నప్పుడు ఇంకో విషయం తేలుతుంది. మూడింటికి జెట్లుండి ఒకటి కాలినడకన వచ్చేదైతే, ఆ మూడూ మొదటి రెండు రౌండ్లలోనే కొండ దాటేస్తాయి, నాలుగోది వాలు మీదే ఉండిపోతుంది. అందుకే దారి ఎంచుకునేటప్పుడు ముందు ఆ నెమ్మదైన మెక్‌కి కనుమ చూడండి, అది అవతలి మలుపు చేరే రౌండ్ ఏదో అంచనా వేయండి, మిగతా ముగ్గురినీ అప్పటిదాకా శిఖరానికి ఇవతలే ఆపండి.