విమాన సంస్థలు కలిసినప్పుడు పైలట్ల సీనియారిటీ: ఏ పద్ధతి మేలు, యూనియన్ మీద విసుగు పుడితే ఏ దారి మేలు?

రెండు విమాన సంస్థలు విలీనమైతే టికెట్ల మీద పేరు, విమానాల మీద రంగు కొద్ది నెలల్లోనే మారిపోతాయి. రెండు సంస్థల పైలట్లను ఒకే సీనియారిటీ లిస్టులో కూర్చడం మాత్రం ఏళ్ల తరబడి తెగదు. ఆ పని సాగినంతకాలం పైలట్ల కోపం యాజమాన్యం కంటే తమ యూనియన్ మీదే ఎక్కువగా పడుతుంది. జీతం విషయంలో సభ్యులందరూ ఒక పక్క, యాజమాన్యం మరొక పక్క నిలబడతారు గానీ, సీనియారిటీ విషయంలో ఒక సభ్యుడు మెట్టు ఎక్కాడంటే ఇంకొక సభ్యుడు మెట్టు దిగినట్టే. 2024 అక్టోబరు 1న ఏఐఎక్స్ కనెక్ట్ (పూర్వపు ఎయిర్‌ఏషియా ఇండియా) ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లోనూ, అదే ఏడాది నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలోనూ కలిసిన తరువాత ఈ ప్రశ్నకు మన దేశంలో ప్రాధాన్యం పెరిగింది.

నేను పైలట్‌ను కాను. వాల్తేరు రైల్వే డివిజన్ పర్సనల్ బ్రాంచిలో సీనియారిటీ లిస్టులు తయారుచేసే సెక్షన్‌లో చాలాకాలం పనిచేశాను. ప్రొవిజనల్ లిస్టు నోటీసు బోర్డుకు ఎక్కిన రోజున డ్యూటీ దిగి వచ్చిన గార్డులు, డ్రైవర్లు బ్యాగు కింద పెట్టకుండానే వేలితో పేర్లు వెతుక్కోవడం, తమ పేరు దొరికాక దాని మీదున్న పేరు ఎవరిదా అని చూడడం నాకు బాగా తెలుసు. విశాఖలో బ్యాంకు ఉద్యోగులకూ ఇది కొత్త కాదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు, తన పేరు ఎవరి కింద పడుతుందోనన్న బెంగ చాలా ఇళ్లలో ఉండేది.

అయితే పైలట్‌కు సీనియారిటీ మీద ఉండే పట్టింపు మన ఉద్యోగాల్లోని పట్టింపు కంటే పెద్దది. మనకది ప్రమోషను వేళ గుర్తుకొస్తుంది. అమెరికా వంటి దేశాల్లో పైలట్‌కు అది ప్రతి నెలా రోస్టరులో కనబడుతుంది. ఏ ఊరు బేస్‌గా ఉండాలో, ఏ విమానం నడపాలో, పండుగ సెలవు ఎవరికి దక్కాలో, కో-పైలట్ ఎప్పుడు కెప్టెన్ కావాలో, సంస్థ కష్టాల్లో పడితే ఎవరిని ముందు ఇంటికి పంపాలో ఆ అంకెను బట్టే తేలుతుంది. పైగా సంస్థ మారితే ఇరవై ఏళ్ల అనుభవమున్న కెప్టెన్ కూడా కొత్తచోట లిస్టు అడుగున చేరవలసిందే. మన దేశంలో సీనియారిటీ పట్టు సంస్థను బట్టి మారుతుంది గానీ, కమాండ్ (కెప్టెన్ హోదా) ఇవ్వడానికీ, పెద్ద విమానాల శిక్షణకూ వరుస చూడడం ఇక్కడా మామూలే.

మద్దిలపాలెంలో మా వీధి కుర్రవాడొకడు ఒక విమాన సంస్థలో కో-పైలట్. అతని శిక్షణ కోసం తల్లిదండ్రులు ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు. సంస్థ మరొకదానితో కలిశాక, పాత లిస్టులో సగానికి పైనున్న అతని పేరు కొత్త ముసాయిదాలో చివరి పేజీలోకి జారింది. ఎందుకు జారిందని అడిగితే, అందరి ప్రయోజనాలనూ దృష్టిలో ఉంచుకొని పరిశీలిస్తున్నామని యూనియన్ నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. యూనియన్ వదిలేసి, తమలాంటి వాళ్లందరూ కలిసి వేరే సంఘం పెట్టుకుంటే మేలు కదా అని అతను నన్ను అడిగాడు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను వెతికిన సమాధానం.

ముందు పద్ధతుల సంగతి చూద్దాం. ఉద్యోగంలో చేరిన తేదీని బట్టి వరుస పెట్టడం అందరికీ మొదట తోచే పద్ధతి. ఇందులో వాదనకు తావు తక్కువ, పక్షపాతం చూపడం కష్టం, నియామకపు ఉత్తర్వు చూస్తే చాలు. కానీ రెండు సంస్థలూ ఒకే వేగంతో పెరగకపోతే ఇదే అన్యాయమవుతుంది. ఉదాహరణకు ఒక పాత సంస్థ పదేళ్లుగా కొత్తవారిని తీసుకోలేదనీ, 2006లో చేరినవాడు అక్కడ ఇంకా కో-పైలట్‌గానే ఉన్నాడనీ అనుకుందాం. కొత్త సంస్థ వేగంగా పెరగడంతో 2014లో చేరినవాడు అక్కడ అప్పటికే కెప్టెన్ అయ్యాడు. తేదీని బట్టి కలిపితే పాత సంస్థ కో-పైలట్ కొత్త సంస్థ కెప్టెన్‌కు పైవాడవుతాడు, ఉద్యోగాలు తగ్గించవలసి వస్తే కొత్త సంస్థ కెప్టెన్ ముందు దిగిపోతాడు. తాను ఇంతకాలం పెంచిన సంస్థ వల్లనే విలీనం సాధ్యమైందనీ, ఇప్పుడు తన కుర్చీయే పోయిందనీ అతను అనుకోవడం సహజం.

మా రైల్వేలో సీనియారిటీకి ఉద్యోగంలో చేరిన తేదీ కంటే ఆ గ్రేడులోకి వచ్చిన తేదీ ముఖ్యం. అందువల్ల కెప్టెన్లను కెప్టెన్లతో, కో-పైలట్లను కో-పైలట్లతో పోల్చి కలపడం నాకు మొదటి పద్ధతి కంటే సబబుగా కనిపిస్తుంది. అమెరికాలో మధ్యవర్తులు ఎక్కువగా వాడేది దీనికి దగ్గరి పద్ధతే. విలీనం నాటికి ఎవరు ఏ హోదాలో, ఏ రకం విమానం మీద ఉన్నారో చూసి, ఒక్కొక్క వర్గంలో రెండు సంస్థల పేర్లను నిష్పత్తి ప్రకారం అల్లుతారు. తన వర్గంలో పైనుంచి ముప్పై శాతం దగ్గర ఉన్నవాడు, రెండు సంస్థలనూ కలిపిన ఆ వర్గంలోనూ ముప్పై శాతం దగ్గరే ఉంటాడు. ఇందులో ఉన్న పెద్ద లోపం, సంస్థ దురదృష్టం కొద్దీ కింది హోదాలో ఇరుక్కుపోయిన మనిషి ఎన్నేళ్లు పనిచేసినా ఆ సర్వీసుకు విలువ లేకుండా పోవడం.

అమెరికాలో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ సంస్థలు 2005లో కలిసినప్పుడు జరిగినది సరిగ్గా ఇదే. యూఎస్ ఎయిర్‌వేస్ 2002లో ఒకసారి, 2004లో మరోసారి దివాలా రక్షణ కోరిన పాత సంస్థ. దాని పైలట్లు చాలామంది లేఆఫ్‌లో ఉన్నారు. అమెరికా వెస్ట్ 1983లో విమానాలు నడపడం మొదలుపెట్టిన చిన్న సంస్థ. ఇరువర్గాలకూ యూనియన్ ఒకటే, ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్. ఆ యూనియన్ నిబంధనల ప్రకారమే వ్యవహారం జార్జ్ నికొలావ్ అనే అనుభవజ్ఞుడైన మధ్యవర్తి ముందుకు వెళ్లింది. 2007 మే నెలలో ఆయన ఇచ్చిన నిర్ణయంలో పెద్ద విమానాలు నడిపే పాత సంస్థ పైలట్లు 517 మందికి లిస్టు తలభాగం దక్కింది, లేఆఫ్‌లో ఉన్నవారు అడుగుకు చేరారు, మధ్యలోని వారిని నిష్పత్తి ప్రకారం అల్లారు. ఫలితంగా పదహారు, పదిహేడేళ్ల సర్వీసున్న పాత సంస్థ పైలట్ల పేర్లు, చేరి కొద్ది నెలలే అయినవారి పేర్ల పక్కన పడ్డాయి.

ఆ పాత పైలట్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ తరువాత వారు ఎంచుకున్న దారి అందరినీ ముంచింది. సంఖ్యలో వారు అమెరికా వెస్ట్ వర్గానికి రెట్టింపు కంటే ఎక్కువ. ఆ బలంతో 2008 ఏప్రిల్‌లో పాత యూనియన్‌ను ఓటుతో తొలగించి, చేరిన తేదీయే కొలమానమని ప్రకటించుకున్న కొత్త యూనియన్‌ను గెలిపించారు. ఇక రెండో వర్గం కోర్టుకెక్కింది. 2009లో జ్యూరీ వారికి అనుకూలంగా చెప్పింది. 2010లో అప్పీలు కోర్టు, ఇంకా ఒప్పందమే కుదరలేదు కనుక తీర్పు చెప్పే సమయం రాలేదంటూ దాన్ని కొట్టివేసింది. 2015లో అదే అప్పీలు కోర్టు, కొత్త యూనియన్ తన సభ్యుల్లో ఒక వర్గానికి న్యాయంగా ప్రాతినిధ్యం వహించే బాధ్యతను ఉల్లంఘించిందని తేల్చింది. ఈలోగా 2013 డిసెంబరులో సంస్థ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది, 2016 సెప్టెంబరులో గానీ మధ్యవర్తుల నుంచి అందరికీ ఒకే లిస్టు రాలేదు. అమెరికన్‌లో కలిసేదాకా రెండు వర్గాలూ వేర్వేరు ఒప్పందాల కింద ఎగిరాయి. తగాదా మొదలుపెట్టిన పాత సంస్థ పైలట్లు దివాలా నాటి తక్కువ జీతాలమీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఒక నిర్ణయం నచ్చలేదని వదులుకున్న జీతాన్ని లెక్కవేస్తే, ఆ నిర్ణయం వల్ల వచ్చే నష్టం దాని ముందు చిన్నదయ్యేదేమో.

ఇంకొక పద్ధతి మరీ కఠినమైనది. కొన్న సంస్థ లిస్టును అలాగే ఉంచి, అమ్ముడుపోయిన సంస్థ పైలట్లను దాని అడుగున చేర్చడం. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏ అనే మరో విమాన సంస్థ ఆస్తులను కొన్నప్పుడు ఆ సంస్థ పైలట్లలో దాదాపు సగం మందికి ఇదే గతి పట్టింది, విమాన పరిచారికలు అందరికందరూ అడుగుకు చేరారు. ఆ ఏడాది సెప్టెంబరు దాడుల తరువాత ఉద్యోగాలు తగ్గించినప్పుడు అడుగునున్న వారే ముందు దిగిపోయారు. పైలట్లు తమ పాత యూనియన్ మీదే దావా వేశారు. తన సభ్యులను న్యాయంగా కాపాడలేదని 2011లో జ్యూరీ తేల్చగా, 2014లో 5.3 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ అన్యాయం చూసి అమెరికా ప్రభుత్వం 2007లో మెకాస్కిల్-బాండ్ చట్టం చేసింది. విలీనంలో సీనియారిటీని న్యాయంగా కలపాలనీ, కుదరకపోతే మధ్యవర్తి తేల్చాలనీ దాని సారం.

రైల్వేలో కూడా ఇలా అడుగున చేర్చే బాటమ్ సీనియారిటీ ఉంది, అయితే అది సొంత కోరిక మీద బదిలీ అడిగినవారికి వర్తిస్తుంది. విశాఖలోని తల్లిదండ్రుల దగ్గరుండాలని వేరే డివిజన్ నుంచి అడిగి వచ్చినవాడు ఇక్కడి లిస్టులో అందరి కిందా చేరతాడు, అది తెలిసే సంతకం పెడతాడు. పరిపాలన అవసరం కోసం పంపినవాడి సీనియారిటీ మాత్రం చెక్కుచెదరదు. విలీనాన్ని పైలట్ ఎవడూ కోరలేదు, సంస్థను అమ్మమని ఎవడూ అర్జీ పెట్టలేదు. కోరనివాడిని అడుగున పడేయడానికి నాకు ఏ న్యాయమూ కనిపించడం లేదు. కాబట్టి ఈ పద్ధతిని నేను పోటీలోంచే తీసివేస్తాను.

మన దేశపు అనుభవం వేరే పాఠం చెబుతుంది. 2007 ఆగస్టులో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసినప్పుడు పైలట్లకు రెండు సంఘాలు: ఎయిర్ ఇండియా వారికి ఇండియన్ పైలట్స్ గిల్డ్, ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారికి ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్. జీతాలు, ప్రమోషన్లు ఎలా కలపాలో చెప్పే జస్టిస్ ధర్మాధికారి కమిటీ మాత్రం 2011లో గానీ రాలేదు. ఆలోగా 2011 ఏప్రిల్, మే నెలల్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి సంఘం సమాన వేతనం కోసం సమ్మె చేసింది. 2012 మే నెలలో ఎయిర్ ఇండియా వారి సంఘం, కొత్తగా రానున్న బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్ శిక్షణను అవతలివారికి కూడా ఇవ్వడాన్ని వ్యతిరేకిస్తూ 58 రోజుల సమ్మె చేసింది. రెండు సమ్మెల్లోనూ సమ్మె చేసిన సంఘం గుర్తింపు రద్దయింది. ఇక్కడ వేరే సంఘం లేకపోవడం సమస్య కాదు, వేర్వేరు సంఘాలుండడమే యాజమాన్యానికి వెసులుబాటు అయింది.

దీనికి పూర్తి భిన్నంగా డెల్టా, నార్త్‌వెస్ట్ సంస్థలు 2008 అక్టోబరులో కలిశాయి. ఇరువర్గాలూ ముందుగా ఉమ్మడి జీతాల ఒప్పందం కుదుర్చుకుని, సీనియారిటీని మధ్యవర్తులకు వదిలాయి. ఆ ఏడాది డిసెంబరులోనే లిస్టు వచ్చేసింది. అందరూ సంతోషించారని కాదు, కానీ తగాదా అక్కడితో ముగిసింది.

ఇక మా వీధి కుర్రవాడి ప్రశ్న. వేరే సంఘం పెట్టుకోవడం, కోర్టుకెళ్లడం, ఉన్న యూనియన్‌లోనే ఉండి పోరాడడం అనే మూడింటిలో మొదటిది మన చట్టం కింద అమెరికాలో కంటే ఇంకా బలహీనమైనది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 51 శాతం మద్దతున్న సంఘమే యాజమాన్యంతో బేరమాడుతుంది. ఏదీ అంత లేకపోతే ప్రతి 20 శాతానికీ ఒక ప్రతినిధి చొప్పున ఉమ్మడి మండలి ఏర్పడుతుంది. విలీనంలో చిన్నదైన వర్గం విడిపోతే, పెద్ద వర్గపు సంఘం దాని తరఫున కూడా సంతకం పెట్టే పరిస్థితి వస్తుంది. లోపల ఉంటే కనీసం ఓటు ఉంటుంది.

కోర్టు దారిని నేను తేలిగ్గా కొట్టిపారేయను. యూనియన్ తన సభ్యులందరికీ న్యాయంగా ప్రాతినిధ్యం వహించాలన్న సూత్రమే అమెరికాలో రైల్వే కార్మికుల కేసులో పుట్టింది. లూయివిల్ అండ్ నాష్‌విల్ రైల్వేలో ఇంజిన్లపై పనిచేసే నల్లజాతి ఫైర్‌మన్లను తెల్లవారి యూనియన్ యాజమాన్యంతో కలిసి పక్కకు నెట్టబోతే, 1944లో సుప్రీంకోర్టు ఆ పని చెల్లదంది. అంత స్పష్టమైన వివక్ష ఉన్నప్పుడు కోర్టు తప్ప దిక్కు లేదు. కానీ ఇద్దరివీ న్యాయమైన వాదనలే అయిన సీనియారిటీ తగాదాలో కోర్టు ఎంతకాలం పట్టిస్తుందో పైన చూశాం. ఈలోపు పైలట్‌కు వయసు పెరుగుతుంది, కమాండ్ వచ్చే ఏడు దాటిపోతుంది.

అందువల్ల నా ఓటు లోపలి పోరాటానికే. కాకపోతే యూనియన్‌ను అడగవలసినది లిస్టులో తన చోటు గురించి కాదు, లిస్టు తయారయ్యే తీరు గురించి. తన సభ్యుల మధ్య తీర్పు చెప్పే హక్కు యూనియన్ కమిటీకి ఉండకూడదు. ఇరువర్గాలూ తమ ప్రతినిధులను తామే ఎన్నుకుని, బయటి మధ్యవర్తి ముందు వాదించుకోవాలి. ఆ నిర్ణయం వెలువడక ముందే దానికి కట్టుబడతామని సంతకాలు చేయాలి. కొలమానంలో హోదాతో పాటు సర్వీసుకూ కొంత భారం ఇవ్వాలి, లేకపోతే నికొలావ్ నిర్ణయంలోని గాయమే మళ్లీ తగులుతుంది. పెద్ద విమానాలు తెచ్చిన వర్గానికి కొన్నేళ్లపాటు ఆ కుర్చీలను కేటాయించి, ఆ తరువాత అందరికీ తెరవాలి. డ్రీమ్‌లైనర్ శిక్షణ మీద 2012లో వచ్చిన సమ్మెకు ఇటువంటి గడువు ఒకటి ముందే రాసి ఉంటే కారణమే ఉండేది కాదని నా నమ్మకం.

ముసాయిదాలో ఒక్కొక్క పేరు ఎదుట, అతన్ని ఆ చోట ఎందుకు ఉంచారో ఒక కాలమ్ తప్పనిసరిగా ఉండాలి. అభ్యంతరాలకు నెల రోజుల గడువు, అందిన ప్రతి అభ్యంతరానికీ కారణంతో కూడిన రాతపూర్వక జవాబు ఉండాలి. పర్సనల్ బ్రాంచిలో మేము గుమాస్తాలం చేసిన పని ఇదే. లిస్టు నచ్చక కోపంతో వచ్చినవారు కూడా కారణం చదివాక చాలాసార్లు తేదీలు సరిచూసుకుని వెళ్లిపోయేవారు, తేదీ నిజంగా తప్పయితే మేము దిద్దేవాళ్లం. మా వీధి కుర్రవాడు తన యూనియన్‌కు ఇప్పుడు రెండో ఉత్తరం రాశాడు. పేరు పైకి జరపమని అందులో అడగలేదు, ఆ కాలమ్ పెట్టమని అడిగాడు. అవతలి సంస్థ నుంచి వచ్చిన పైలట్లు కొందరు కూడా ఆ ఉత్తరం కింద సంతకం చేశారు.