స్పెల్‌చెక్కా, గ్రామర్ యాపా, మాస్టారా: ఇంగ్లీషు తప్పులకు ఏది మేలు?

ఒడిశాలోని మా పర్లాకిమిడి కొమ్ము బొమ్మల మీద ఆ మధ్య ఇంగ్లీషులో ఓ వ్యాసం రాశాను. కొమ్ము ముక్కను వేడి చేసి, మెత్తబడ్డాక వంచి కొంగను ఎలా చేస్తారో అందులో వివరించాను. ‘పీస్’ అన్న మాటను పి-ఐ-ఇ-సి-ఇ అని రాయాల్సింది, పి-ఇ-ఎ-సి-ఇ అని రాసేశాను. ముక్క కాస్తా శాంతి అయి కూర్చుంది. స్పెల్‌చెక్ ఎర్ర గీత గీయలేదు. ఎందుకు గీస్తుంది? అదీ ఇంగ్లీషు మాటే కదా.

అలాగని స్పెల్‌చెక్‌ను తీసిపారేయలేం. మనకు పలికినట్టు రాయడమే అలవాటు. ‘సెపరేట్’ మధ్యలో ఉన్నది ‘ఎ’ అని, ‘అకామడేషన్’లో రెండు సి-లు, రెండు ఎమ్-లు ఉన్నాయని చెవికేం తెలుసు? ఇలాంటివి అది ఇట్టే పట్టేస్తుంది. కాకపోతే ఫోనులో ఇండియా ఇంగ్లీషో, బ్రిటిష్ ఇంగ్లీషో పెట్టుకోవాలి. నాది అమెరికా ఇంగ్లీషులో ఉండి, ‘కలర్’లో ‘యు’ రాసినప్పుడల్లా తప్పంటూ మొత్తుకునేది. అమెరికా నిఘంటుకర్త వెబ్‌స్టర్ 1828 నాటి తన నిఘంటువులో ఆ ‘యు’ను తీసేశాడు. మన బడుల్లో నేర్పింది బ్రిటిష్ పద్ధతి.

డిక్షనరీ మంచిదే, కానీ అనుమానం వస్తేనే తెరుస్తాం. ‘పీస్’ మీద నాకు అనుమానమే రాలేదు.

గ్రామర్ యాప్ ఇంకో మెట్టు పైన ఉంటుంది. ‘దాని గురించి చర్చించాం’ అని మనసులో అనుకుని ‘డిస్కస్ అబౌట్’ అని రాస్తే, ‘అబౌట్’ తీసేయమంటుంది. కానీ ‘ఇక్కడే’ అనుకుని ‘హియర్ ఓన్లీ’ అని రాస్తే చాలాసార్లు ఊరుకుంటుంది. ఆ ‘ఓన్లీ’ మన ‘ఏ’కారమని దానికేం తెలుసు!

మా వీధిలో రిటైరైన ఇంగ్లీషు మాస్టారున్నారు. వ్యాసం చూపిస్తే కళ్లజోడు సర్దుకుని, “ఏటి బాబూ, కొమ్ములో శాంతేటి?” అన్నారు. పేర్ల దగ్గరా ఆయనే దిక్కు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కావడంతో మా దగ్గర వెంకటరావు కాగితాల్లో ‘బెంకట’రావైపోతాడు. మా ఊరి పేరు సరిగ్గా రాసినా ఫోను ఎర్ర గీతే గీస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, మాస్టారు మన వాక్యాన్ని తహశీల్దారుకు పెట్టుకున్న అర్జీలా మార్చేస్తారు. పైగా రోజూ వెళ్లి విసిగించలేం.

అందుకే నా ఓటు ఓ చిన్న నోటుబుక్కుకి. స్పెల్‌చెక్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ముఖ్యమైన వ్యాసమైతే మాస్టారి దగ్గరకు వెళ్తాను. వాళ్లు పట్టుకున్న ప్రతి తప్పునూ బుక్కులో రాసుకుంటాను. ఎవరి తప్పులు వాళ్లవే, మళ్లీ మళ్లీ అవే వస్తాయి. కొత్త వ్యాసం పూర్తయ్యాక ఆ జాబితాలోని మాటల్ని ఒక్కొక్కటిగా అందులో వెతుకుతాను. నిన్న వెతికితే ‘ఓన్లీ’ పదకొండు చోట్ల దొరికింది.