రన్నింగ్‌లో ఆఫ్ అయ్యే బండికి బ్లూటూత్ స్కానర్: కొనాలా, వద్దా?

ఇది ఏ ఒక్క బ్రాండు రివ్యూ కాదు. ఆన్‌లైన్‌లో ఆరేడు వందల నుంచి పదిహేను వందల దాకా పలికే ఈఎల్‌ఎం 327 (బండి కంప్యూటర్ చెప్పేది ఫోన్‌కు చేరవేసే చిప్) రకం బ్లూటూత్ అడాప్టర్, బైక్ కప్లర్‌కు (వైర్లు కలిసే సాకెట్) తగిలించే ఆరు పిన్నుల కేబుల్, ఫోన్‌లో ఒక యాప్. ఈ మూడింటినీ కలిపి ఒకే వస్తువుగా చూస్తున్నాం. అదీ ఒక్క పనికే: రోడ్డు మీద ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోయి, రెండు నిమిషాలకు ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అయ్యే బండి జబ్బు పట్టుకోవడానికి.

ముందే చెప్పేస్తాం. ఇది బండిని బాగుచేయదు. జబ్బేంటో తిన్నగా చెప్పని రోజులే ఎక్కువ. అయినా వారంటీలో ఉన్న బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) బండికి కొనమనే అంటాం. ఎందుకంటే దీని అసలు పని మెకానిక్ దగ్గర కాదు, షోరూం కౌంటర్ దగ్గర.

బండిలో లోపం కనబడగానే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఒక ఫాల్ట్ కోడ్ రాసుకుంటుంది. ఆ క్షణంలో ఆర్‌పీఎం ఎంత, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే తలుపు) ఎంత తెరిచి ఉంది, ఇంజిన్ ఎంత వేడి మీద ఉంది అన్నవీ ఫొటో తీసినట్టు దాచుకుంటుంది. దీన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. సర్వీస్ సెంటర్లో కోడ్ చెరిపేస్తే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా దాంతోపాటే పోతుంది. ఆ తర్వాత టెస్ట్ రైడ్‌లో బండి ఆగదు, ఇలాంటి జబ్బు పిలిస్తే వచ్చేది కాదు కదా. జాబ్ కార్డు మీద "సమస్య కనబడలేదు" అని పడుతుంది. నెల తిరక్కుండా నర్సంపేట రోడ్డులో లారీని ఓవర్‌టేక్ చేస్తుండగా మళ్లీ ఆగితే, మొదటిసారి ఆగిందనడానికి మీ నోటి మాట తప్ప ఏమీ మిగలదు. కోడ్ చెరిగిపోకముందే మీ ఫోన్‌లోకి తెచ్చుకోవడం, అంతే దీనివల్ల లాభం. అది చిన్న లాభం కాదు.

ఏ బండికి పనిచేస్తుందో చూద్దాం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6, 2023 ఏప్రిల్ 1 నుంచి ఓబీడీ (బండే తన లోపాలను పసిగట్టే ఏర్పాటు) రెండో దశ అమల్లోకి వచ్చాయి. రెండో దశ బండ్లతో ఇబ్బంది తక్కువ. 2020-22 బండ్లలో కొన్ని కంపెనీ సొంత భాషలోనే మాట్లాడతాయి, వాటిలో ఈ అడాప్టర్ సగం కోడ్లే చదువుతుంది, లేదా అసలు కనెక్టే కాదు. పాత కార్బురేటర్ బండ్లకు దీంతో పనే లేదు. కప్లర్ సీటు కిందో, బ్యాటరీ పక్కన సైడ్ ప్యానెల్ వెనకో రబ్బరు మూతతో ఉంటుంది. చాలా బండ్లకు ఆరు పిన్నులు, కొన్నిటికి నాలుగు. మీ మోడల్‌కు ఏ కేబుల్ వస్తుందో చూసుకునే ఆర్డర్ పెట్టండి. కేబుల్ కుదరలేదని వైర్లు కోసి అతికించవద్దు. "వైరింగ్ కదిలించారు" అని వారంటీ కొట్టేయడానికి షోరూం వాళ్లకు అంతకంటే సాకు అక్కర్లేదు.

కేబుల్ రాగానే బండికి పెట్టకుండా మల్టీమీటర్ తీయండి. అడాప్టర్ తగిలే పదహారు పిన్నుల వైపు 16వ పిన్ను బ్యాటరీ ప్లస్, 4, 5 పిన్నులు ఎర్త్, 6, 14 క్యాన్ లైన్లు, 7 కే-లైన్ (ఈ మూడూ డేటా వెళ్లే తీగలు). బైక్ వైపు కప్లర్ నుంచి వీటికి తెగకుండా కనెక్షన్ ఉందా, ఒక దాన్నుంచి ఇంకోదానికి షార్ట్ ఉందా చూడాలి. చౌక కేబుళ్లలో 4, 5లో ఒకటే కలిపి రెండోది గాలికి వదిలేసినవి వస్తాయి. అప్పుడు అడాప్టర్ లైటు వెలిగినా డేటా మాత్రం రాకపోవచ్చు, మనం యాప్‌ను తిట్టుకుంటూ కూర్చుంటాం.

అడాప్టర్ విషయంలో చిన్న తమాషా. పెట్టె మీద "వెర్షన్ 1.5" అని ఉంటే అది నకలే, అసలు కంపెనీ ఈఎల్‌ఎం 327లో 1.5 అనే వెర్షన్ ఎప్పుడూ తేలేదు. కానీ "2.1" అని రాసుకొచ్చే చౌక నకళ్లలో చాలా కమాండ్లు ఎగిరిపోయి ఉంటాయి. వాటితో పోలిస్తే 1.5 నకలే నయం. ఐఫోన్ వాళ్లు మామూలు బ్లూటూత్‌ది కొనొద్దు, బీఎల్‌ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) లేదా వైఫై రకమే పనిచేస్తుంది.

ఇక వాడే పద్ధతి. బండి ఆగినప్పుడు ముందు రోడ్డు దిగండి. తర్వాత తాళం ఆన్‌లోనే ఉంచి అడాప్టర్ పెట్టండి. స్టోర్డ్ కోడ్లు (ఖాయమైన లోపాలు), పెండింగ్ కోడ్లు (ఇంకా ఖాయం కానివి), ఫ్రీజ్ ఫ్రేమ్ మూడూ చదివి స్క్రీన్‌షాట్ తీయండి, మీటర్‌లో కిలోమీటర్లు కనబడేలా ఒక ఫొటో కూడా. పెండింగ్ కోడ్ ముఖ్యం, లోపం మళ్లీ కనబడకపోతే అది తనంతట తానే పోతుంది. చదివే బటన్ పక్కనే చెరిపే బటన్ ఉండే యాప్‌లు ఉన్నాయి, వేలు జాగ్రత్త.

మామూలుగా కనబడే కోడ్లు ఇవి: పీ0335 క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన షాఫ్ట్) సెన్సార్, అంటే మెకానిక్‌లు పికప్ కాయిల్ లేదా పల్సర్ కాయిల్ అనేది. పీ0122 థ్రాటిల్ సెన్సార్ వోల్టేజీ తక్కువ. పీ0230 ఫ్యూయల్ పంపు సర్క్యూట్. పీ0351 ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ (కాయిల్‌కు కరెంటు వచ్చే వైపు). పీ0562 సిస్టం వోల్టేజీ తక్కువ. కోడ్ వచ్చిందని ఆ పార్టు మార్చేయడం తప్పు. పీ0335 వచ్చిన బండికి సెన్సార్ బాగానే ఉండి, దాని కప్లర్‌లో పచ్చగా చిలుము పట్టి ఉండొచ్చు.

కోడ్ రాకపోతే లైవ్ డేటా రికార్డింగ్ పెట్టుకుని నడపాలి. ఆర్‌పీఎం, స్పీడు, థ్రాటిల్, వోల్టేజీ, ఈ నాలుగే ఎంచుకోండి. పది పెడితే చౌక అడాప్టర్‌లో ఒక్కో విలువ మారడానికి రెండు మూడు సెకన్లు పట్టి, ఆగిన క్షణమే జారిపోతుంది. ఫోన్ జేబులోనో ట్యాంక్ బ్యాగులోనో ఉండాలి తప్ప హ్యాండిల్ మీద పెట్టి చూస్తూ నడపొద్దు.

ఈ రికార్డింగ్‌లోనే అసలు విషయం దొరుకుతుంది. గేరులో ఉండి క్లచ్ వదిలి ఉన్నంతసేపు వెనక చక్రం క్రాంక్‌ను తిప్పుతూనే ఉంటుంది. అంటే మంట ఆగినా ఆర్‌పీఎం స్పీడుతోపాటు మెల్లగా దిగాలి. అలా కాక స్పీడు 60 చూపిస్తుండగానే ఆర్‌పీఎం 4,200 నుంచి ఒక్క లైన్లో సున్నాకు పడితే, ఆగింది క్రాంక్ కాదు, క్రాంక్ సిగ్నల్. పికప్ కాయిల్, దాని వైరు, కప్లర్ చూడాల్సిందే. వేడెక్కితే తెగి చల్లారితే కలిసే కాయిల్ లక్షణం ఇదే. రామగుండం వైపు మే నెల ఎండలో మధ్యాహ్నం ఆగి సాయంత్రం బాగా నడిచే బండికి మొదటి అనుమానం దీని మీదే పెట్టాలి. స్కూటర్లకు ఈ లెక్క కుదరదు, వాటి క్లచ్ ఆర్‌పీఎం తగ్గగానే విడిపోతుంది.

ఆర్‌పీఎం మెల్లగా దిగుతూ, థ్రాటిల్ తెరిచే ఉండి, వోల్టేజీ 13.8 - 14.5 మధ్య నిలకడగా ఉంటే పెట్రోలు అందడం లేదనుకోవాలి. వెంటనే ట్యాంక్ మూత తెరిస్తే "ఉస్" మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి దారి మూసుకుపోయింది, కొత్త పంపు కొననక్కర్లేదు. వోల్టేజీ 15 దాటి ఎగురుతుంటే ఆర్ఆర్ యూనిట్ (బ్యాటరీ ఛార్జింగ్‌ను అదుపు చేసేది) చూపించండి.

డేటా మొత్తం తెగిపోతే అడాప్టర్ లైటు చూడండి. అదీ ఆరిపోతే బ్యాటరీ టెర్మినల్ లేదా మెయిన్ ఫ్యూజ్. లైటు వెలుగుతూ డేటా మాత్రం పోతే ఈసీయూకు కరెంటు అందడం లేదు: తాళం స్విచ్, కిల్ స్విచ్, రిలే. కానీ తాళం ఆపినా మీ అడాప్టర్ లైటు వెలుగుతుందో లేదో ముందే చూసి పెట్టుకోవాలి, కొన్ని బండ్లలో కప్లర్‌కు కరెంటు తాళం గుండానే వస్తుంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో పెట్టి, హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతూ, మెడ దగ్గర వైరింగ్ కట్టను చేత్తో కదపండి. పై తొడుగు బాగానే ఉండి లోపల రాగి తీగ తెగే చోటు అదే.

ఇది ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా చెప్పాలి. ఇగ్నిషన్ కాయిల్ నుంచి ప్లగ్‌కు వెళ్లే హెచ్‌టీ వైరు తెగితే పీ0351 రాకపోవచ్చు, ఆ కోడ్ సాధారణంగా చూసేది కాయిల్ ప్రైమరీ వైపే. సుజుకీ 2024లో యాక్సెస్, అవెనిస్, బర్గ్‌మన్ స్కూటర్లు 3.88 లక్షలకు పైగా వెనక్కి పిలిచింది ఈ వైరు గురించే. 2022 ఏప్రిల్ 30 - డిసెంబర్ 3 మధ్య తయారైన బండ్లవి. వైరు డ్రాయింగ్ ప్రకారం లేక, నడుస్తుంటే వంగి వంగి పగిలి, ఇంజిన్ ఆగిపోయే ప్రమాదం ఉందని కంపెనీయే ఒప్పుకుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2021 మే నెలలో 2,36,966 బండ్లు పిలిచింది కూడా ఇగ్నిషన్ కాయిల్ లోపంతోనే. బండి పడిపోతే ఇంజిన్ ఆపే బ్యాంక్ యాంగిల్ సెన్సార్ ఇంకో దొంగ. 2023లో హోండా సీబీ350 బండ్ల రీకాల్‌లో ఈ సెన్సార్ సీలింగ్ లోపం, అందులోకి నీళ్లు దిగడం ఒక కారణం. దీన్ని పట్టడానికి స్కానర్ కంటే తాళమే మేలు: ఆగిన బండి తాళం ఒకసారి ఆపి మళ్లీ పెడితేనే స్టార్ట్ అవుతుంటే ఈ సెన్సార్‌ను అనుమానించండి.

మన దగ్గర ఇంకో ముప్పు వాటర్ సర్వీసింగ్. కరీంనగర్ గ్రానైట్ దుమ్ము, గోదావరిఖని బొగ్గు పొడి, వానల్లో నల్లరేగడి బురద పట్టిన బండిని తీసుకెళ్లి ప్రెషర్ గన్‌తో సీటు కింద కూడా కొట్టిస్తారు. సైడ్ స్టాండ్ స్విచ్‌లోకి, కప్లర్లలోకి నీళ్లు పోయేది అప్పుడే. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో ఆగడం మొదలైతే కోడ్ కంటే ముందు కప్లర్లు విప్పి ఆరబెట్టి కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి.

లోపం దొరికేదాకా నడపక తప్పకపోతే: ఆగిన క్షణమే క్లచ్ పట్టాలి. ఆగిన ఇంజిన్ వెనక చక్రాన్ని లాగుతుంది, మలుపులో అయితే బండి జారుతుంది. బ్రేకులు పనిచేస్తాయి, కంగారుగా నొక్కొద్దు. ఉన్న ఊపుతోనే ఎడమకు దిగండి. కరెంటు మొత్తం పోతే ఇండికేటరూ వెనక లైటూ ఉండవు, చేయి చూపించాలి. ట్రాఫిక్ మధ్యలో గేరు వేసి క్లచ్ వదిలి స్టార్ట్ చేసే ప్రయత్నం వద్దు. హైవే 163 మీద ఓవర్‌టేకింగ్, వెనక మనిషిని ఎక్కించుకోవడం అప్పటిదాకా మానుకోండి.

ఇక స్క్రీన్‌షాట్లు ఎక్కడ పనికొస్తాయంటే, ముందు జాబ్ కార్డులో. "స్టార్టింగ్ ప్రాబ్లం", "మిస్సింగ్" అని రాయనివ్వొద్దు. "నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోతోంది" అనే రాయించి, కోడ్ నంబరు, కిలోమీటర్లు వేయించి, కాపీ తీసుకోండి. అవే వివరాలు చాసిస్ నంబరుతో కంపెనీకి ఈమెయిల్ చేయండి, డీలర్‌కు చెప్పినంత మాత్రాన కంపెనీకి చెప్పినట్టు కాదు. పలక్కపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. పరివాహన్‌లో (కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్) రీకాల్ ఫిర్యాదుకు వేరే పోర్టల్ ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 110ఏ సెక్షన్ కింద, ప్రమాదకరమైన లోపమని తేలితే కేంద్రమే రీకాల్ ఆదేశించవచ్చు. ఏడేళ్ల లోపు బండ్లకు ఇది వర్తిస్తుంది. ఎంతమంది యజమానులు ఫిర్యాదు చేశారన్నది అక్కడ లెక్కకు వస్తుంది. అందుకే బాగైపోయిన బండి వాళ్లు కూడా నమోదు చేయాలి.

జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే, కంపెనీ చెన్నైలో ఉన్నా పుణేలో ఉన్నా మీరు ఉండే చోటే కేసు వేయవచ్చు. బండికి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు, ఈ-జాగృతిలో (వినియోగదారుల కమిషన్ల పోర్టల్) ఆన్‌లైన్‌లోనే దాఖలు. ఒక మెలిక ఉంది. 2019 చట్టంలోని ఉత్పత్తి బాధ్యత అధ్యాయం మనిషికి గాయమైనా వేరే ఆస్తి పాడైనా పనికొస్తుంది, బండికే జరిగిన నష్టం అందులోకి రాదు. బండి మార్చమనో డబ్బు వాపసు ఇమ్మనో అడగాలంటే వస్తువులో లోపం, సేవాలోపం అని వేయాలి. లోపం పరీక్ష లేకుండా తేలదనిపిస్తే కమిషన్ ల్యాబ్‌కు పంపించవచ్చు. ఫోన్ స్క్రీన్‌షాట్ ఒక్కటే కేసు గెలిపించదు. ఏ తేదీన ఏ కోడ్ వచ్చింది, షోరూం ఏం రాసింది అన్న వరస చూపిస్తుంది.

మార్కులు వేయమంటే రెండో దశ ఓబీడీ బండికి ఐదుకు నాలుగు, 2020-22 బండికి రెండున్నర. కొన్నాక రిటర్న్ గడువు దాటకముందే మూడు చూసుకోండి. యాప్ చూపే వోల్టేజీ మల్టీమీటర్‌తో 0.2 లోపు కలవాలి. యాక్సిలరేటర్ తిప్పగానే ఆర్‌పీఎం కదలాలి. వాహన సమాచారం పేజీలో చాసిస్ నంబరు వచ్చి అది ఆర్‌సీతో సరిపోవాలి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ కోడ్ల స్క్రీన్‌షాట్‌తో కలిపి ఉంచితేనే అవి మీ బండివని చెప్పడానికి ఆధారం. పని అయ్యాక అడాప్టర్ పీకేయడం మరవొద్దు, అది తాగేది 40 మిల్లీ ఆంపియర్లే అయినా రోజుకు దాదాపు ఒక ఆంపియర్-అవర్ అవుతుంది, 4 ఆంపియర్-అవర్ బ్యాటరీ నాలుగు రోజుల్లో ఖాళీ.