జనగణనా, చర్చి రిజిస్టరా: ఐరిష్ పూర్వీకుల జాడ

1845లో మొదలైన బంగాళాదుంప కరువు తరిమితే ఓడెక్కి ఇంగ్లండ్ రేవుపట్నం లివర్‌పూల్‌లో దిగిన ఐరిష్ కుటుంబాల జాడ తీసేవారు చాలామంది ముందుగా 1851 జనగణననే తెరుస్తారు. అందులో ఇంటిల్లిపాది పేర్లు, వయసులు, వృత్తులు ఒక్కచోట దొరుకుతాయి; అసలు కావలసిన పుట్టినచోటు గడిలో మాత్రం తరచుగా ‘ఐర్లండ్’ అన్న ఒక్క మాటే కనిపిస్తుంది.

నా ఓటు కాథలిక్ చర్చి రిజిస్టర్లకే. చాలావరకు లాటిన్‌లో రాసినవి కనుక జేమ్స్ ‘యాకోబుస్’గా, విలియం ‘గులియెల్ముస్’గా మారి మొదట్లో తికమకపెట్టినా, బాప్తిస్మపు నమోదులో తల్లి పుట్టింటి ఇంటిపేరుతో పాటు జ్ఞాన తల్లిదండ్రుల (బాప్తిస్మంలో బిడ్డకు పూచీగా నిలిచేవారి) పేర్లూ ఉంటాయి, వారు చాలాసార్లు దగ్గరి బంధువులే. పెళ్లి నమోదులో ఒక్కోసారి (అదృష్టం ఉండాలి) ఐర్లండ్‌లోని సొంత పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) పేరే చిక్కుతుంది. అది చిక్కితే, ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015లో ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచిన, సుమారు 1880 వరకు గల రిజిస్టర్లలో ఆ పారిష్ పుటలను నేరుగా తిరగేయవచ్చు.