టరాంటులా పిల్ల తిండి మానేస్తే ఏది మేలు: మేత మార్చడమా, డబ్బా మార్చడమా, వదిలేయడమా?

కావలి నుంచి, ఒంగోలు నుంచి, మా నెల్లూరులోనే పక్క వీధుల నుంచి కూడా టరాంటులా అనే పెద్ద బొచ్చు సాలీడును పెంచే కుర్రాళ్ళు నన్ను తిప్పి తిప్పి అడిగేది ఒకటే. "అన్నా, స్లింగ్ (సాలీడు పిల్ల) తినడం మానేసింది. కీచురాయిని వేస్తే అదే భయపడి పారిపోతోంది. ఏం చెయ్యమంటావు?" మన ఇళ్ళలో ఎవరైనా ఒక పూట అన్నం మానేస్తేనే అందరికీ టెన్షన్. వారాల తరబడి మేత ముట్టకపోతే చూస్తూ ఊరుకోవడం కష్టమే. అందుకని కొందరు మేత మారుస్తారు, కొందరు డబ్బా మారుస్తారు, వీడియోలు ఎక్కువ చూసేవాళ్ళు డబ్బాకు వేడినిచ్చే హీట్ మ్యాట్ కొనేస్తారు. ముట్టుకోకుండా వదిలేసేవాళ్ళు తక్కువ. నేను ఆ తక్కువ మందిలో ఉన్నాను. అయితే వదిలేయడానికీ ఒక పద్ధతుంది, అన్ని స్లింగ్‌లనూ అలా వదిలేయకూడదు కూడా.

ఎన్ని రోజులైందని నేను అడగను, పొట్ట ఫొటో పంపమంటాను. పై నుంచి చూసినప్పుడు కాళ్ళు అతికిన ముందు భాగం ఒకటి, వెనక పొట్ట ఒకటి కనబడతాయి కదా. పొట్ట ముందు భాగం కంటే వెడల్పుగా, బిగుతుగా ఉండి, నున్నగా మెరుస్తూ రంగు నల్లబడుతుంటే అది కుబుసం విడవడానికి సిద్ధమవుతోందని అర్థం. పాత చర్మం కింద కొత్తది తయారవుతుంటే ఆ రంగు పైకి కనిపిస్తుంది. కుబుసంలో పోయేది పై చర్మమొక్కటే అనుకోకండి. కోరల తొడుగు, నోటి లోపలి పొర, ఆహారాన్ని పీల్చుకునే భాగం లోపలి పొర కూడా దాంతోపాటే ఊడి వస్తాయి. అలాంటి సమయంలో తినమంటే ఎలా తింటుంది? చిన్న స్లింగ్ కుబుసానికి ముందు వారం నుంచి నెల దాకా తినకపోవడం మామూలే. కొన్ని బొరియలోకి పోయి ద్వారం మట్టితోనో పట్టుదారంతోనో మూసేసుకుంటాయి. మూసిన తలుపు తవ్వి "బతికే ఉందా" అని చూసేవాళ్ళకు ఒక దండం.

పొట్ట ముందు భాగం కంటే చిన్నదై, ముడతలు పడి, ఎండుద్రాక్షలా కనిపిస్తే కథ వేరు. ఆ స్లింగ్‌ని మాత్రం వదిలేయకూడదు. ఇలా పొట్ట చిక్కిపోయిందని పంపే ఫొటోల్లో ఎక్కువగా నాకు కనబడేది ఆకలి కంటే దాహమే. తిండి లేకుండా వారాలు గడిపే ఈ జీవి నీళ్ళు లేకుండా అన్నాళ్ళు ఉండలేదు. అందులోనూ స్లింగ్ ఒళ్ళు చిన్నది, చర్మం పలచన, తేమ తొందరగా ఆవిరైపోతుంది. సాలీడు కాళ్ళు ముడుచుకోవడానికి కండరాలున్నాయిగానీ, కాళ్ళలోని ముఖ్యమైన కీళ్ళు చాచుకోవడానికి ఒంట్లోని ద్రవం ఒత్తిడే ఆధారం. నీళ్ళు తగ్గితే ఆ ఒత్తిడి పడిపోయి కాళ్ళు ఒంటి కిందికి ముడుచుకుపోతాయి. కుబుసం విడిచేటప్పుడు పాత చర్మంలోంచి కాళ్ళు బయటికి లాక్కోవడానికీ ఆ ఒత్తిడే కావాలి. నీళ్ళు చాలని స్లింగ్ సగం కుబుసంలో ఇరుక్కుపోతుంది. అందుకే మేత ముట్టట్లేదని ఎవరు చెప్పినా, కీచురాయి సంగతి పక్కనపెట్టి, డబ్బాలో పరిచిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) తడిగా ఉందా అని అడుగుతాను.

ఈ తడి దగ్గరే మన సముద్రపు ఊళ్ళకూ లోపలి ఊళ్ళకూ తేడా వస్తుంది. నెల్లూరు, కావలి, కొత్తపట్నం లాంటి సముద్రం దగ్గరి చోట్ల గాలిలోనే తేమ ఎక్కువ. ఈశాన్య రుతుపవనాలొచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా డబ్బా మొత్తం తడిపి మూత బిగించారంటే బూజు, పురుగు ఖాయం. అదే ఉదయగిరిలోనో కనిగిరిలోనో మే నెలలో అయితే పొద్దున తడిపిన కోకోపీట్ సాయంత్రానికి పొడిపొడిగా అయిపోతుంది. ఏసీ గదిలో పెట్టినవాళ్ళదీ అదే పరిస్థితి. కాబట్టి వారానికి ఇన్నిసార్లు స్ప్రే చేయండని నేను లెక్క చెప్పను. డబ్బాలో ఒక మూల ఎప్పుడూ తడిగా, ఎదురు మూల పొడిగా ఉంచండి, ఎక్కడుండాలో అదే తేల్చుకుంటుంది. తడి మూలలో సిరంజితో నీళ్ళు అడుగుదాకా దించితే పైపైన స్ప్రే కంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. గాలి ఆడేలా పక్కల సూదితో బొక్కలు పెట్టండి. పింక్ టో లాంటి, చెట్ల మీద బతికే టరాంటులా జాతుల పిల్లలకు గాలాడని తేమ పొడి కంటే ప్రమాదం.

బాగా చిక్కిపోయిన దాన్ని మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా జరిపి, ముందు భాగం మాత్రం ఒక నీటి బొట్టుకు ఆనేలా పెట్టండి. నోరు కోరల మధ్య, అడుగువైపు ఉంటుంది. ఊపిరి తీసుకునే రంధ్రాలు పొట్ట అడుగున ఉంటాయి, కాబట్టి పొట్ట నీళ్ళలో మునగకూడదు. దాహం తీరిన స్లింగ్ ఆ తర్వాత తనంతట తానే మేత పట్టడం చాలాసార్లు చూశాను.

ఇక మేత మార్చడం. వదిలేయడం తర్వాత నేను మొగ్గేది దీనికే, అదీ పొట్ట చిన్నగా ఉండి, తడి సరిగానే ఉండి, అయినా తినకపోతే. ప్రాణంతో గెంతే కీచురాయి చిన్న స్లింగ్‌కు మేతలా కాదు, శత్రువులా కనిపిస్తుంది. పొట్ట కంటే పెద్దదాన్ని వేయకండి. అంతకంటే మేలైన పని చంపి వేయడం. కీచురాయి వెనక తొడ ఒకటి, లేదంటే బొద్దింక పిల్ల తల నొక్కి, సాయంత్రం బొరియ ద్వారం దగ్గర పెట్టండి. చచ్చిన పురుగును కూడా స్లింగ్‌లు చక్కగా తింటాయి. పొద్దున్నే మిగిలింది తీసేయాలి, మన తేమకు ఒక్క రోజులో బూజు పట్టి చీమలను పిలుస్తుంది. పక్షుల షాపుల్లో దొరికే మీల్‌వార్మ్ (ఒక రకం పెంకు పురుగు లార్వా) కూడా పనికొస్తుందిగానీ తల నలపకుండా వేస్తే మట్టిలో దూరి, కుబుసంలో మెత్తగా పడున్న స్లింగ్‌ని కొరుకుతుంది. ప్రాణమున్న కీచురాయి కూడా అంతే. ప్రాణంతో ఉన్న మేతను రాత్రంతా డబ్బాలో వదిలేయడం, మేత అసలు వేయకపోవడం కంటే చెడ్డది.

వరి పొలాల గట్ల మీద పట్టిన పురుగులు ఉచితమేగానీ నేను వాడను. పురుగుమందు కొట్టని చేను మన డెల్టాలో ఎక్కడుందో చెప్పండి.

పురుగుమందు మాట వచ్చింది కాబట్టి నెల్లూరు దోమల సంగతి చెప్పాలి. రాత్రి లిక్విడ్ మెషీన్ పెట్టని ఇల్లు ఇక్కడ అరుదు. దోమల మెషీన్లలో, కాయిల్స్‌లో, చీమల చాక్‌పీస్‌లో సాధారణంగా ఉండే పైరెథ్రాయిడ్ మందులు సాలీళ్ళకు కూడా విషమే. స్లింగ్ తినకపోవడంతోపాటు వణుకుతూ, తాగినట్టు కాళ్ళు ఎటో వేస్తూ నడుస్తుంటే ముందు ఆ గది మార్చండి. దోమతెర కట్టుకోండి. చీమలకైతే స్వీటు డబ్బాకు చేసినట్టే నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టండి.

డబ్బా మార్చడం నాకు నచ్చని పని. బూజు, పురుగు, మందు, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉంటే తప్ప ఆ జోలికి పోకండి. కొత్త డబ్బాలో వేసిన స్లింగ్ మళ్ళీ దారాలు అల్లుకుని కుదురుకునేదాకా తినదు. తినట్లేదని డబ్బా మార్చి, మార్చాక కూడా తినట్లేదని ఇంకోసారి మార్చేవాళ్ళుంటారు. పాపం అది ఎప్పుడు కుదురుకోవాలి? కుబుసం దగ్గర్లో ఉన్నదాన్ని కదిలిస్తే నష్టం ఇంకా ఎక్కువ. పెద్ద డబ్బా ఇస్తే హాయిగా ఉంటుందనుకోవడం కూడా మన ఆలోచనే, దానికి ఇరుకే ఇష్టం.

హీట్ మ్యాట్ గురించి ఒక్క మాట చాలు, వద్దు. అవి చలి దేశాలవాళ్ళ అవసరం. జనవరి రాత్రుల్లో కూడా 20 డిగ్రీల దగ్గరుండే నెల్లూరులో స్లింగ్ చలికి తిండి మానేయదు. మనకు భయం రోహిణి కార్తెలోనే. 40 దాటిన రోజుల్లో డబ్బాను కిటికీ దగ్గర నుంచి తీసి, ఇంట్లో చల్లటి మూల నేల మీద పెట్టి, మూత తీసిన థర్మకోల్ పెట్టెలో ఉంచి చుట్టూ తడిగుడ్డ వేస్తే చాలు. గిద్దలూరు, నంద్యాల మధ్య అడవిలో 2001లో మళ్ళీ కనబడిన నీలి టరాంటులా, అదే గుత్తిలో మొదట దొరికి ఆ ఊరి పేరుతో ప్రపంచమంతా తెలిసినది, ఈ ఎండల్లోనే చెట్టు తొర్రల్లో బతుకుతోంది. అన్నట్టు, దాన్ని పట్టుకొచ్చే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. అంతరించిపోయే ముప్పు తీవ్రంగా ఉన్న జాతి అది, దాని దగ్గరి చుట్టాలతో సహా ఆ ప్రజాతి మొత్తం 2019 నుంచి, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం పట్టికలో ఉంది.

మిగతావాటికి పెద్దగా చెప్పేదేమీ లేదు. కోరలు విప్పి బలవంతంగా తినిపించడం చంపడంతో సమానం. తేనె నీళ్ళు, గుడ్డు సొన, కోడి మాంసం ముక్క, ఇవేవీ వద్దు. నోటి చుట్టూ తెల్లటి జిగురు కనిపిస్తే అది నులిపురుగు కావచ్చు, దానికి నమ్మకమైన మందు లేదు. మిగతా సాలీళ్ళకు దూరంగా పెట్టండి, ఒకే చిమటా బ్రష్షూ అన్నిటికీ వాడకండి.

కాబట్టి పొట్ట నిండుగా ఉంటే ఒక మూల తడి ఉంచి, మూత పెట్టి వదిలేయండి. వెల్లకిలా పడి కాళ్ళు పైకి పెట్టిందంటే చచ్చిపోలేదు, కుబుసం విడుస్తోంది. తట్టి చూడొద్దు, తిప్పి పెట్టొద్దు. విడిచాక కోరలు మొదట తెల్లగా, తర్వాత ఎర్రగా, చివరికి నల్లగా మారతాయి. నల్లబడేదాకా మేత వేయకండి. చిన్న స్లింగ్‌కు కొద్ది రోజుల నుంచి వారం పడుతుంది, పెద్దదైతే ఇంకా ఎక్కువ. మొదటి మేతగా చంపిన చిన్న పురుగే వేయండి. కోరలు నల్లబడి, తడి సరిగా ఉండి, రెండు మూడు సార్లు వేసినా ముట్టకుండా పొట్ట తగ్గుతూ పోతే, అప్పుడు ఫొటో పంపండి. పై నుంచి తీసింది ఒకటి, అడుగు నుంచి తీసింది ఒకటి.