కుస్తీ పిల్లాడి తొలి జియు-జిట్సు పోటీ: గీ మేలా, నో-గీ మేలా?

ఈ మార్చి నుంచి నాకు వచ్చిన ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. "అక్కా, మావాడు స్కూల్లో రెజ్లింగ్ చేస్తాడు కదా. సీజన్ అయిపోయింది. ఇప్పుడు జియు-జిట్సు పోటీకి వెళ్తానంటున్నాడు. గీలో దింపమంటావా, నో-గీలో దింపమంటావా?" జియు-జిట్సు అంటే ప్రత్యర్థిని పడగొట్టి, నేలమీద పట్లతో లొంగదీసే ఆట. మందపాటి కోటు, ప్యాంటు, బెల్టు వేసుకుని ఆడితే గీ, అవి లేకుండా ఒంటికి అతుక్కునే బట్టల్లో ఆడితే నో-గీ. మేముండేది న్యూజెర్సీలో. ఇక్కడ స్కూలు రెజ్లింగ్ అంటే ఊళ్లకు ఊళ్లే కదిలొస్తాయి, మన తెలుగు పిల్లలు కూడా ఇప్పుడు బాగానే చేరుతున్నారు. పదహారేళ్ల మావాడు పోయినేడాది రెండూ ఆడాడు. ఏప్రిల్‌లో నో-గీ, జూన్‌లో గీ. రెండుసార్లూ మ్యాట్ పక్కనే కూర్చుని చూశాను. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకేచోట రాస్తే మంచిదనిపించింది.

నో-గీ వైపు వాదన చిన్నదేం కాదు. అక్కడ పట్టుకోవడానికి గుడ్డ దొరకదు. మణికట్టు, మెడ వెనుక, చంక కింద, అంతే. అవన్నీ రెజ్లింగ్ పిల్లాడికి పుట్టిల్లు లాంటి పట్లు. కాళ్లకు దూకి పడగొట్టడం మొదటి రోజు నుంచే పనిచేస్తుంది. చరిత్ర కూడా అటే మొగ్గుతుంది. 1998లో అబుదాబిలో మొదలైన ఏడీసీసీ నో-గీ పోటీనే తీసుకోండి. 1999లోనూ 2000లోనూ అందులో హెవీవెయిట్ గెలిచిన మార్క్ కెర్ అమెరికా కాలేజీ రెజ్లింగ్ చాంపియన్. 2019లో మా న్యూజెర్సీ కుర్రాడు నికీ రోడ్రిగెజ్, రెజ్లింగ్ నుంచి వచ్చి రెండేళ్లు కూడా నిండకుండానే, అదే పోటీలో రజతం కొట్టాడు. ఇలాంటివి విన్నాక ఏ పిల్లాడైనా నో-గీయే అంటాడు. మావాడూ అలాగే అన్నాడు, సరేనన్నాం.

నా అభిప్రాయం మారింది ఆ ఏప్రిల్ పోటీలోనే.

మన కుస్తీలో అయినా, ఇక్కడి రెజ్లింగ్‌లో అయినా వీపు నేలకంటితే చిత్తు. పిల్లాడు ఆరో ఏటో ఎనిమిదో ఏటో మ్యాట్ ఎక్కిన దగ్గర్నుంచి వాడి ఒంటికి ఎక్కించేది ఇదొక్కటే: ఏం జరిగినా వీపు నేలకు ఆనకూడదు, పడుతున్నావంటే బోర్లా తిరుగు. పైగా అమెరికా స్కూళ్లలో ఆడే ఫోక్‌స్టైల్‌లో కింద ఉన్నవాడు చేతులు, మోకాళ్ల మీద ఉండి, ప్రత్యర్థికి వీపు అప్పగించిన స్థితిలోనే ఆట మొదలుపెడతాడు. అక్కడి నుంచి లేచి తప్పించుకుంటే పాయింటు. వీపు వెనుక మనిషి ఉంటే వాడికి భయమేమీ ఉండదు, అది రోజూ చేసే పనే.

జియు-జిట్సులో ఇది తలకిందులు. వెల్లకిలా పడుకుని కాళ్లతో పోరాడితే నష్టం లేదు. వీపు ఇస్తే మాత్రం అంతకంటే పెద్ద తప్పు లేదు. జియు-జిట్సు పోటీలు నడిపే అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ లెక్కలో పడగొడితే 2 పాయింట్లు, కిందివాడు కాళ్లతో అడ్డుకునే గార్డు దాటితే 3, వీపెక్కి రెండు మడమలూ తొడల లోపల బిగిస్తే 4. ఆ తర్వాత చేత్తో బిగించడానికి మెడ ఎలాగూ వాళ్లదే.

మావాడి మూడో మ్యాచ్ సంగతి చెబుతాను. వాడు 2-0తో ముందున్నాడు, ఇంకా నిమిషమున్నర ఉంది. అవతలి పిల్లాడు కింద నుంచి స్వీప్ చేసి, అంటే మావాణ్ని పల్టీ కొట్టించి, పైకొచ్చాడు. మావాడి వీపు మ్యాట్‌కి ఆనీ ఆనకముందే గిర్రున బోర్లా తిరిగి మోచేతుల మీద లేచాడు. స్కూల్లో అయితే కోచ్ చప్పట్లు కొట్టేవాడు. అవతలి పిల్లాడు ఏమాత్రం తొందరపడలేదు. ఎడమ మడమ లోపలికి దూర్చాడు. తర్వాత కుడి మడమ. రెఫరీ నాలుగు వేళ్లు పైకెత్తాడు. ఆ తర్వాత చెయ్యి మెల్లగా మావాడి గడ్డం కిందికి వెళ్లింది. మావాడి అరచెయ్యి ఆ ముంజేతి మీద రెండుసార్లు తట్టింది, ఓడిపోయానని ఒప్పుకునే ట్యాప్ అది. అంతే.

తిరిగి వస్తుంటే కారులో అన్నాడు: "అమ్మా, నేను తిరగాలనుకోలేదు. ఒళ్లే తిరిగిపోయింది."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వీడియో మళ్లీ చూస్తే మొదటి రెండు మ్యాచ్‌లలోనూ వాడు వీపు ఇచ్చాడు. కాకపోతే ఒళ్లు చెమటతో జారిపోయి బయటపడ్డాడు, పైకొచ్చాడు, గెలిచాడు. గెలిచాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నో-గీతో చిక్కు ఇక్కడే ఉంది. అది రెజ్లింగ్‌కు మరీ దగ్గర. చెమట, వేగం, పట్టు, అన్నీ అలాగే ఉంటాయి కాబట్టి ఒళ్లు పాత ఆటే ఆడుతుంది, సగంసార్లు ఆ పాత ఆట గెలిపిస్తుంది కూడా. తప్పు బయటపడే సరికి ఏడాది గడిచిపోతుంది.

జూన్‌లో గీ వేసుకుని దిగాడు. మొదటి పిల్లాడు రెండు చేతులతో మావాడి గీ చేతుల అంచులు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. మావాడికి కాళ్లకు దూకడానికి చేతులే లేవు. విదిలించుకోబోయాడు, తిరగబోయాడు. మెడ వెనుక కాలర్లోకి ఒక చెయ్యి వెళ్లి పిడికిలి బిగిసింది. ఇక జారడమనేది లేదు. నిమిషంలోపే ట్యాప్. చూడటానికి నాకు కష్టంగానే అనిపించింది.

రెండో మ్యాచ్‌లో మళ్లీ కింద పడ్డాడు. ఈసారి భుజం కదిలింది, తిరగబోయి ఆగాడు. వీపు నేలమీదే ఉంచుకుని, మోకాలు అడ్డం పెట్టి, అవతలివాడి కాలర్ పట్టుకుని దూరం నెట్టాడు. మెల్లగా రెండో కాలు కూడా లోపలికి తెచ్చుకున్నాడు. ఆ మ్యాచ్ పాయింట్ల మీద ఓడిపోయాడు. కానీ ఏప్రిల్‌లో గెలిచిన రెండింటికంటే ఆ ఓటమే నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది.

ఇక రెజ్లింగ్ కోచ్‌లకుండే భయం. వెల్లకిలా పడుకోవడం అలవాటైతే శీతాకాలం సీజన్లో చిత్తవుతాడు కదా అంటారు. న్యాయమైన భయమే. ఆ భయానికి కూడా గీయే మంచి మందు అని నా నమ్మకం. ఆ మందపాటి కోటు తొడిగి, బెల్టు కట్టుకుంటే ఇది వేరే ఆట అని ఒంటికి తెలుస్తుంది. రెజ్లింగ్ దుస్తులు, సింగ్లెట్, వేసుకోగానే మళ్లీ పాత ఆట. మావాడు డిసెంబరులో ఒక్కసారి కూడా తికమకపడలేదు. వేసవంతా నో-గీ మాత్రమే చేసిన వాడి స్నేహితుడు ప్రాక్టీసులో రెండు వారాలపాటు అలవాటుగా కింద కూర్చుండిపోయేవాడు. ఇద్దరు పిల్లల్ని చూసి చెప్పే మాటే, అయినా నాకు అది గట్టిగా నాటుకుంది.

గీలో నష్టం వేళ్లకి. గుడ్డ లాగి లాగి మావాడికి రెండు వేళ్ల కణుపులు పది రోజులు వాచాయి. టేపు చుట్టడం ముందే నేర్పించండి. ఆఖరి ఏడాదిలో ఉండి, కాలేజీ రెజ్లింగ్ మీద ఆశ పెట్టుకున్న పిల్లాడైతే మాత్రం నేనూ నో-గీకే పంపిస్తాను. వాడికి వేళ్లు ముఖ్యం, టైమూ లేదు.

బరువు విషయం తల్లులందరికీ చెప్పాలి. రెజ్లింగ్‌లోలా నీళ్లు మానేసి, తూకం అయ్యాక తాగి తేరుకుందాం అంటే ఇక్కడ కుదరదు. ఐబీజేజేఎఫ్ పోటీల్లో మొదటి మ్యాచ్‌కు కాస్త ముందే, ఒక్కసారే తూస్తారు, తప్పితే ఇంటికే. గీలో గీతో సహా తూస్తారు, అందుకే పరిమితులు కూడా వేరు. పెద్దవాళ్లలో మగవాళ్ల ఫెదర్ అనే బరువు విభాగం పరిమితి గీలో 70 కిలోలు, నో-గీలో 67.5. దయచేసి పిల్లాణ్ని మామూలు బరువుకే రాయించండి.

రెండింటిలోనూ వర్తించే నిబంధనలు కొన్నున్నాయి. ఎత్తి కుదేయడం నిషిద్ధం. తల ప్రత్యర్థి ఒంటికి బయటివైపు పెట్టి ఒంటికాలు పట్టి పడగొట్టడం తెల్ల బెల్టు వాళ్లకు, అంటే కొత్తగా చేరినవాళ్లకు, కుదరదు, మన పిల్లలకు అదే ఇష్టమైన పట్టు కాబట్టి ముందే మాన్పించాలి. పడగొట్టాక మూడు సెకన్లు అదుపులో ఉంచితేనే పాయింట్లు. రెజ్లింగ్ అనుభవం ఉన్నవాళ్లను తెల్ల బెల్టులో రానివ్వడం మీద కూడా షరతులుంటాయి, పేరు రాయించే ముందే నిర్వాహకులకు ఉన్నదున్నట్టు చెప్పి అడగండి.

పాయింట్లు లేకుండా ట్యాప్ చేయిస్తేనే గెలుపు అనే చిన్న పోటీలు కూడా ఉంటాయి. తొలిసారికి వద్దు. ప్రపంచ రెజ్లింగ్ సమాఖ్య కిందే నడిచే గ్రాప్లింగ్ అనే ఇలాంటి పట్ల ఆట ఉంది, దగ్గర్లో పోటీ దొరికితే చూడొచ్చు.

నిన్న ఫోన్ చేసిన చెల్లెలు అంతా విని, "మావాడు గీ అంటే ఒప్పుకోడక్కా" అంది. ఒప్పుకోకపోతే నో-గీకే పంపించు, కానీ పోటీకి ముందు నెలరోజులు ఒక పని చేయించమన్నాను. రోజూ క్లాసు అయ్యాక ఐదు నిమిషాలు వాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, మీద ఎవరినైనా ఎక్కించి, బోర్లా తిరగకుండా మోకాలు లోపలికి తెచ్చుకోమనాలి. తిరిగిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి.